నాన్న గడి

చిన్నాన్న రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అలా కూర్చుంటే చేతులు మాట వింటాయి. కాళ్లు వినవు. బల్ల కింద ఎడమ పాదం ఉండుండి నేలను తన్నుతోంది, ఎవరో పిలిస్తే లేవబోయినట్టు. ముఖం మాత్రం ఆ పాదంతో తనకేం సంబంధం లేదన్నట్టుంది.

బల్ల మీద తెల్లకాగితం పరిచి రక్తాలమ్మాయి గీతలు గీస్తోంది. ఆ పేరు చిన్నాన్న పెట్టిందే. పెద్దాసుపత్రిలో నరాల జబ్బుల మీదా మనసు జబ్బుల మీదా పరిశోధన చేసేవాళ్ల తరఫున ఆమె ఇళ్లకు తిరుగుతుంది. వంశాలు రాసుకుంటుంది, రక్తాలు తీసుకుంటుంది. వాళ్లు వెతికే జబ్బులో ముందు కోపం, దిగులు వస్తాయి; కొన్నేళ్లకి ఒళ్లు దానంతటది కదలడం మొదలెడుతుంది. ఆ జబ్బు ఒకే ఇంట్లో ఒకరికి ముప్ఫైల్లోనూ ఇంకొకరికి అరవై దగ్గర్లోనూ ఎందుకు బయటపడుతుందో కనుక్కోవడం వాళ్ల పని. చిన్నాన్నకి ఉన్నది అదేనని మూడు నెలల కిందట పరీక్షలో తేలింది. ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

మగవాళ్లకి గడి. ఆడవాళ్లకి సున్నా. పోయినవాళ్ల మీద ఒక అడ్డగీత. జబ్బు ఉన్నవాళ్లది పెన్సిలుతో నల్లగా నింపుతుంది. ఎదురుగా కూర్చున్న మేస్త్రి, చిన్నాన్నకి అన్న కొడుకు, ఆ పెన్సిలునే చూస్తున్నాడు. ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లని చాలామందిని చూశాడు గాని, మనుషుల ప్లాను గీయడం చూస్తున్నది ఇదే. బద్ద లేకుండానే ఆమె గీతలు తిన్నగా వస్తున్నాయి. పనిమంతురాలే అనుకున్నాడు.

అన్నిటికన్నా పైన నాయనమ్మ సున్నా. అది నిండిపోయింది. దాని కింద రెండు గడులు. రెండోది చిన్నాన్నది, అదీ నిండింది. మొదటి గడి దగ్గర పెన్సిలు ఆగింది.

"మీ అన్నగారి సంగతి?" అని అడిగింది.

"వీడి నాన్నే," అని చిన్నాన్న గడ్డంతో మేస్త్రిని చూపించాడు. "ఆయనకి ఇదేం లేదమ్మా. తాగి పాడయ్యాడు. నడక తూలేది, మాట ముద్దయ్యేది. అంతా మందే. నలభై ఆరేళ్లకి పోయాడు."

"మీ కళ్లతో చూశారా తాగడం?"

"చూడక్కర్లేదు. పక్కన నిలబడితే గుప్పుమనేది."

ఆమె మేస్త్రి వైపు చూసింది. పనిలో మేస్త్రికి బుడగ అని పేరు. రసమట్టంలో బుడగ నడిమికొచ్చి నిలబడేదాకా ఇటుక మీంచి చెయ్యి తీయడు. నోట్లో మాటా అంతే, కుదురుకునేదాకా బయటికి రాదు. ఆమె ఓపిగ్గా కాచుకుంది.

"మా ఇంట్లోనూ అదే చెప్పారు," అన్నాడు చివరికి.

మొదటి గడికి అడ్డగీత గీసి, పక్కన చిన్న అక్షరాలతో తాగుడు అని రాసి, లోపల ఖాళీగా వదిలేసింది. దాని కింద మేస్త్రి గడి, ఆ కింద అతని కూతురి సున్నా గీసింది. మీ నాన్నగారికి లేకపోతే మీకు రాదు, ఇది తరాన్ని ఎగిరి దూకే జబ్బు కాదు అని చెప్పింది. తల్లికో తండ్రికో ఉంటేనే పిల్లలకి, అదీ సగానికి సగం అవకాశమట. గురువారం మధ్యాహ్నం అందరూ ఆసుపత్రికొచ్చి రక్తాలిస్తే, కాగితం అప్పుడే పై వాళ్లకి అప్పజెబుతానంది.

మేస్త్రికి నెత్తి మీంచి ఇటుకల తట్ట దించినట్టయింది. మూడు నెలలుగా అతను రోజూ పనికెళ్లగానే, ఎవరూ రాకముందే, గోడ నిలువు చూసే తూకపు గుండు దారం వేళ్ల మధ్య పట్టుకుని వేలాడదీసి చూసుకుంటున్నాడు. గుండు నిలిచేదాకా లెక్కబెట్టేవాడు. ఇరవై దాటితే ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఇక ఆ పని లేదు. వీధిలోకి వచ్చాక గాని అసలు సంగతి తట్టలేదు. తండ్రి తాగుబోతైనందుకు లోలోపల సంతోషపడిన కొడుకు ఈ చుట్టుపక్కల తనొక్కడే అయ్యుంటాడు.

మర్నాడు మూడో అంతస్తులో వెనక గోడ. మేస్త్రి ఒక కొసన, చిన్నాన్న ఇంకో కొసన మొదలెట్టారు. మధ్యలో దారం బిగించి ఉంది. తడిపిన ఇటుక అందుకోవడం, తాపీతో సిమెంటు మాలు పరవడం, ఇటుక పెట్టి పిడితో రెండు దెబ్బలు, బయటికొచ్చిన మాలు గీకి తీసేయడం. నలభై ఏళ్లుగా చిన్నాన్న చేతికి అలవాటైన పని. ఇప్పుడు రెండు దెబ్బలు ఐదు అవుతున్నాయి. ఒక్కోసారి తాపీ ఇటుకని కాక గాలిని కొడుతోంది. వరస దారాన్ని ఒకచోట ముట్టుకుంటోంది, ఒకచోట దూరం జరుగుతోంది.

అన్నం వేళకి అందరూ కిందికి దిగేదాకా మేస్త్రి ఏదో వెతుకుతున్నట్టు నటించాడు. తరవాత చిన్నాన్న కొసకి వెళ్లి, మాలు గట్టిపడకముందే ఏడు ఇటుకలు ఊడదీసి, గీకి, మళ్లీ పెట్టాడు. నెల నుంచీ రోజూ ఇదే. నిన్న నాలుగు.

మాలు మోసే ముసలామె గిన్నె మరిచిపోయి పైకొచ్చింది. మేస్త్రి తండ్రి రోజుల నుంచీ ఈ జట్టులోనే ఉన్న మనిషి. చూసింది, చూడనట్టు గిన్నె తీసుకుంది. మెట్ల దగ్గర ఆగి, "ఈ గోడకి పొద్దున్నుంచీ కునుకుపాట్లుగా ఉంది. లేపి కూర్చోబెడుతున్నావా?" అంది. ఆ మాటకి తనే నవ్వి, నవ్వు ఆపేసి, గొంతు తగ్గించింది. కింద అందరూ అనుకుంటున్నారట, పెద్దాయన కూడా అన్న దారే పట్టాడని. సూపర్‌వైజరు చెవిలో కూడా పడిందట.

జట్టుకి ఒక కట్టుబాటు ఉంది. తాగి పరంజా ఎక్కినవాడు తన తాపీని తనే మాలు ముద్దలో పిడిదాకా గుచ్చి కిందికి దిగిపోవాలి. ఎవరూ తిట్టరు. ఎవరూ ఆ తాపీ తీయరు. తెల్లారేసరికి అది రాయిలో రాయి అయిపోతుంది. ఆ మనిషి మళ్లీ ఈ జట్టులోకి రాడు. కట్టుబాటు పెట్టింది చిన్నాన్న. దానికి మొదట తలవంచింది ఆయన అన్న. ఆ రోజు మేస్త్రి పక్క గోడ మీదే ఉన్నాడు, పనిలో చేరి రెండో ఏడు. తండ్రి ముద్ద ముందు వంగాడు. మొదటిసారి గుచ్చబోతే తాపీ ముద్దకి తగలకుండా పరంజా చెక్కకి తగిలింది. రెండోసారి దిగింది. చిన్నాన్న అటు తిరిగి నిలబడ్డాడు.

సాయంత్రం మేస్త్రి తల్లి దగ్గరికి వెళ్లాడు. రెండు వీధుల అవతల ఒక్క గది, ముందు చిన్న వసారా. ఆమె పాత స్వెట్టరు విప్పుతోంది. కొడుకు కూర్చోగానే, చేతులు చాపమని, విప్పిన ఊలుని అతని రెండు చేతులకీ చుట్టబెట్టి, కొస లాగి ఉండ చుట్టడం మొదలెట్టింది. ఈ మధ్య ఎప్పుడెళ్లినా ఇదే పని. ఇంట్లో ఇన్ని స్వెట్టర్లు ఎక్కడివో.

కాగితం సంగతంతా చెప్పాడు. నాయనమ్మ సున్నా, చిన్నాన్న గడి, నాన్న గడి ఖాళీ. నాన్నకి లేదు గనక తనకి రాదట, పిల్లకీ రాదట. తల్లి ఉండ చుడుతూనే ఉంది, తల ఎత్తలేదు. ఆమె చూపు ఊలు మీద లేదని అతనికి అప్పుడు తెలిసింది. అతని చేతుల మీద ఉంది. రెండు మూడు నెలలుగా ఈ స్వెట్టర్లు ఎందుకు విప్పుతోందో కూడా తెలిసింది.

"అమ్మా," అన్నాడు.

"చేతులు దించకు, చిక్కుపడుతుంది."

"నాన్న తాగేవాడా?"

ఆమె చాలాసేపు చుట్టింది. ఊలు అయిపోవచ్చింది.

"మింగేవాడు కాదు," అంది. "పొద్దున్నే పనికెళ్లేముందు పుక్కిలించి తూములో ఊసేవాడు. చొక్కా మీద నాలుగు చుక్కలు చల్లుకునేవాడు. గ్లాసులో పోసిచ్చింది నేనే. ఒక సీసా నెల్లాళ్లొచ్చేది."

తరవాత మిగతాది చెప్పింది, ఎవరింటి సంగతో చెప్పినట్టు. నాయనమ్మకి ముందు మతి చెడింది, తరవాత ఒళ్లు ఆడింది. పాత ఊళ్లో ఆ ఇంటి మగవాళ్లని ఎవరూ నిచ్చెన ఎక్కనిచ్చేవాళ్లు కాదు. అందుకే అన్నదమ్ములిద్దరూ ఊరొదిలి ఇక్కడికొచ్చారు. అది ఆడవాళ్లకొచ్చే జబ్బని ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్లు, చిన్నాన్న మరీ గట్టిగా. తనకి మొదలైందని నాన్నకి ముందు తెలిసింది తాపీ వల్లే. ఎప్పుడూ పగలని ఇటుకలు పగులుతున్నాయన్నాడట. చెబితే ఇక్కడా అదే గతి పడుతుంది. తమ్ముడికి పనుండదు, కొడుకు చేతికి తాపీ రాదు.

"తాగుబోతు కొడుకుని పనిలోకి రానిస్తారు," అంది. "ఆ జబ్బు మనిషి కొడుకుని రానివ్వరు. అదీ ఆయన లెక్క." ఉండ పక్కన పెట్టింది. "అంత కష్టపడి మూసిపెట్టాడు. ఇప్పుడు నువ్వు తెరవకు. గడి ఖాళీగా ఉంటే ఉండనీ. నీకూ మంచిదే, పిల్లకీ మంచిదే."

మేస్త్రి చేతులు ఇంకా చాపే ఉన్నాయి. ఊలు లేదని చూసుకుని దించాడు.

రాత్రి భార్యకి చెప్పాడు. పోయినాయన ఎలాగూ పోయాడు, ఉన్నవాళ్ల సంగతి చూడు అంది. అన్నం మాత్రం ఆ పూట ఇద్దరూ సరిగ్గా తినలేదు.

కూతురు తలుపు దగ్గరే ఉన్నట్టుంది. ఆమెది వైరింగు పని. ఇరవై రెండేళ్లు. తండ్రి కట్టిన గోడల్ని చాలావాటిని డ్రిల్లు పెట్టి తొలిచింది. నీ పని పాడు చేస్తే గాని నా పని అవదు నాన్నా అని ఏడిపిస్తుంటుంది. బుధవారం పొద్దున్న ఇద్దరూ కలిసి నడుస్తుంటే, సంచీ ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంటూ, "ఆ కాగితంలో నేనున్నానా?" అని అడిగింది.

"ఉన్నావు. నా కింద, సున్నా."

"నీ కిందే కదా. అయితే ఆ ఖాళీ నీ ఒక్కడిదే కాదు."

మేస్త్రి నడక తగ్గించాడు.

"గోడలో తీగ ఎటు పోయిందో తెలియకుండా డ్రిల్లు పెట్టమంటే నేను పెట్టను," అంది. "తీగ లేదని ఎవరో అబద్ధం చెబితే, పెట్టేస్తాను. చచ్చేది అప్పుడే." నాలుగడుగులు వేసి, "పరీక్ష చేయించుకుంటానో లేదో నాకింకా తెలియదు. అది నేను చూసుకుంటా. ముందు ఉన్నది ఉన్నట్టు రాయించు," అంది. సందు మొదట్లో ఎడమకి తిరిగి వెళ్లిపోయింది.

ఆ రోజంతా మేస్త్రి గోడ కట్టాడు. తొమ్మిది ఇటుకలు ఊడదీశాడు. చిన్నాన్నతో చెప్పాలని రెండుసార్లు దగ్గరికి వెళ్లి, ఒకసారి దారం బిగించి వచ్చాడు, ఒకసారి మంచినీళ్లు తాగి వచ్చాడు.

గురువారం పొద్దున్న పది కాకముందే జరిగింది. చిన్నాన్న ఇటుక అందుకుని తిరుగుతుంటే భుజం ఎవరో గుంజినట్టు పక్కకి పోయింది. ఇటుక చేతిలోంచి ఎగిరి పరంజా దాటి కింద పడింది. కింద ఎవరూ లేరు. రేకుల మీద పడ్డ చప్పుడికి అందరూ పని ఆపేశారు. సూపర్‌వైజరు మెట్లెక్కి వచ్చాడు. చెడ్డవాడు కాదు, కేకలు వేసే అలవాటు కూడా లేదు. చిన్నాన్న నిలబడ్డ తీరు పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏం పెద్దాయనా, పొద్దున్నే వేసుకొచ్చావా?"

చిన్నాన్న జట్టునంతా ఒకసారి చూశాడు. ఆఖర్న మేస్త్రిని చూశాడు. ఆ చూపు కొంచెం ఎక్కువసేపు నిలిచింది.

"కొంచెం వేసుకున్నా బాబూ," అన్నాడు. "ఒళ్లు నొప్పులుగా ఉంటేను."

చిన్నాన్న జన్మలో మందు ముట్టలేదు. ముట్టినవాణ్ణి పక్కన కూర్చోనిచ్చింది కూడా లేదు. ఎవరూ చెప్పకుండానే ఆయన మాలు ముద్ద దగ్గరికి వెళ్లి వంగాడు. తాపీ ఎత్తి దించాడు. ముద్దకి తగల్లేదు, చెక్కకి తగిలి టక్కుమంది.

ఆ చప్పుడు మేస్త్రికి తెలుసు. రెండోసారి చెయ్యి లేచేసరికి అతను ఆ మణికట్టు పట్టుకున్నాడు. చేతిలో చేప పట్టుకున్నట్టుంది.

"వదలరా," అన్నాడు చిన్నాన్న మెల్లగా. "నేను పెట్టిన కట్టుబాటే."

"అది తాగినవాళ్లకి."

"చెప్పానుగా తాగానని."

మేస్త్రి నిలబడ్డాడు. అందరూ అతని నోటికేసి చూస్తున్నారు. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు.

"చిన్నాన్న తాగలేదు," అన్నాడు సూపర్‌వైజరుతో. "నరాల జబ్బు. మా నాయనమ్మకి ఉండేది. మా నాన్నకీ ఉండేది. మా నాన్న కూడా తాగలేదు."

"మరి ఆ వాసన?" అంది మాలు ముసలామె. ఆమె వెక్కిరించడం లేదు, నిజంగానే అడుగుతోంది.

"పుక్కిలించి ఊసేవాడు. చొక్కా మీద చల్లుకునేవాడు. మమ్మల్ని ఎవరూ పనిలోంచి తీయకూడదని."

చిన్నాన్న చేతిలో తాపీ జారి చెక్క మీద పడింది. ఆయన ఇటుకల దొంతి మీద కూలబడ్డాడు. చేతులు తొడల కింద పెట్టుకోవడం మరిచిపోయాడు. అవి ఒళ్లో వాటి ఇష్టం వచ్చినట్టు ఆడుతున్నాయి. అందరూ చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు.

సూపర్‌వైజరు గడ్డం గోక్కున్నాడు. "అయితే నీకూ ఉండొచ్చన్నమాట," అన్నాడు మేస్త్రితో.

"ఉండొచ్చు."

డాక్టరు కాగితం తెచ్చేదాకా నువ్వూ పైకి ఎక్కవద్దు, కింద పని చూసుకో అన్నాడు. కోపంగా అనలేదు. మేస్త్రి తల ఊపాడు. దారం విప్పి చుట్టాడు. తన తాపీ, చిన్నాన్న తాపీ రెండూ నీళ్ల తొట్టిలో కడిగి, గుడ్డతో తుడిచి, ఒకే సంచీలో పెట్టాడు. చిన్నాన్నని ముందు దిగనిచ్చి, ఒక మెట్టు వెనకగా తను దిగాడు, ఆయన నడుం దగ్గర చొక్కా పట్టుకుని. బస్సులో చిన్నాన్న కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆసుపత్రిలో రక్తాలమ్మాయి గది రెండో అంతస్తులో, నడవా చివర. ముందు బల్ల మీద ఊదారంగు మూతల గొట్టాలు వరసగా ఉన్నాయి. మేస్త్రి వెళ్లేసరికి కూతురు అక్కడే ఉంది. ఆమె పక్కన మేస్త్రి తల్లి, ఒళ్లో ఊలు సంచీతో. పిల్ల పనికి సెలవు పెట్టి నాయనమ్మని వెంటబెట్టుకొచ్చింది. ఏం చెప్పి ఒప్పించిందో ఇద్దరూ బయటపెట్టలేదు.

మేస్త్రి కాగితం కేసి చూపించి, "మా నాన్న గడి తప్పు రాయించాం," అన్నాడు.

రక్తాలమ్మాయి తప్పెవరిదని అడగలేదు. ఏ వయసులో మొదలైంది, ముందు కోపమా నడకా, మింగడం కష్టమయ్యేదా అని అడిగింది. అవి మేస్త్రికి సరిగ్గా తెలియవు. తల్లి చెప్పింది. ముప్ఫై ఎనిమిదో ఏట మొదలైంది. ఆ ఏడు కారణం లేకుండా కంచం విసిరికొట్టాడు, తరవాత దాన్ని చూసి తనే ఏడ్చాడు. నిద్రలో మాత్రం ఒళ్లు కదిలేది కాదు. అందుకని ఆమె ఆయన నిద్రపోతుంటే కూర్చుని చూసేది. ఆఖర్న మంచినీళ్లు కూడా పొలమారేవి. అలా పొలమారిన నీళ్లే ఊపిరితిత్తుల్లో చేరి పోయాడు. రక్తాలమ్మాయి అంతా రాసుకుంది. పక్కన ఉన్న తాగుడు అన్న మాటని రబ్బరుతో తుడిచింది. పొట్టు ఊదింది.

చిన్నాన్న మేస్త్రి తల్లి వైపు తిరిగాడు. "వదినా," అన్నాడు. "నాకైనా చెప్పాల్సింది."

"చెబితే నువ్వు ఆయన్ని దించేవాడివి కాదు," అంది తల్లి. "దించకపోతే పడి చచ్చేవాడు. దించేది నువ్వయితేనే నీ మీద ఎవరికీ అనుమానం రాదన్నాడు."

చిన్నాన్న మెడ ఒకసారి పక్కకి లాగేసింది. అది జబ్బు వల్లో మాట వల్లో తెలియలేదు.

రక్తాలమ్మాయి మేస్త్రికి, కూతురికి నెమ్మదిగా చెప్పింది. ఇక్కడ తీసే రక్తం పరిశోధనకి. దీని ఫలితం ఎవరికీ చెప్పరు. మీకు ఉందో లేదో తెలుసుకోవాలంటే వేరే గది, వేరే పరీక్ష, ముందు మాట్లాడేవాళ్లుంటారు, తొందరేమీ లేదు, వద్దనుకున్నా తప్పులేదు. పనికి కావలసిన కాగితం అంటే, ఇవాళ ఒంట్లో జబ్బు గుర్తులు ఉన్నాయో లేవో డాక్టరు చూసి రాసేది. అంతకు మించి ఎవరికీ చూపించనక్కర్లేదు. కూతురు చొక్కా చెయ్యి పైకి మడిచి ముందు తన రక్తం తీయమంది. మిగతాది తరవాత ఆలోచిస్తానంది. సూది గుచ్చుతుంటే తల తిప్పుకోకుండా, గొట్టంలో ఎంతదాకా నిండుతుందో చూసింది.

ఇక గడి మిగిలింది. రక్తాలమ్మాయి పెన్సిలు తీసింది.

"నేను నింపనా అమ్మా?" అన్నాడు చిన్నాన్న.

ఆమె ఆయన చేతుల కేసి చూసింది, మేస్త్రి కేసి చూసింది. పెన్సిలు ఇచ్చేసింది.

చిన్నాన్న పెన్సిలుని తాపీ పట్టినట్టు పిడికిలితో పట్టుకున్నాడు. మొదటి గీత గడి బయట పడింది. రెండోది లోపల పడింది. తరవాత వరసగా పడ్డాయి, కొన్ని లోపల, కొన్ని బయట. ఒకటి గడి దాటి, కిందికి దిగే గీత వెంబడి మేస్త్రి గడిదాకా వెళ్లిపోయింది. చిన్నాన్న ఆగి ఆమె ముఖంలోకి చూశాడు. పరవాలేదు, అర్థమవుతుంది, కానివ్వండి అంది.

కాగితం ఒత్తిడికి పక్కకి జరుగుతోంది. మేస్త్రి బల్ల మీదికి వంగి రెండు మూలలా రెండు అరచేతులు మోపి అదిమి పట్టుకున్నాడు. తన చేతులెలా ఉన్నాయో చూసుకోలేదు. గడి నిండుతుంటే దాన్నే చూస్తున్నాడు.